అరవై దాటాక తొలి నేరం

"కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవాల్సిన వయసులో ఇదేం పోయేకాలం?" డెబ్బై ఏళ్ళ మనిషి దొంగతనం చేస్తూ దొరికాడనో, కట్టుకున్న భార్యనే చంపాడనో వార్త రాగానే అందరి నోటా వచ్చే మాట ఇది. ప్రశ్నలా వినిపిస్తుంది గానీ తీర్పు అందులోనే ఉంది. ఈ మాటంటే నాకు నిజంగా కోపం. పోలీసుకు గానీ, డాక్టరుకు గానీ, ఆ ఇంటివాళ్ళకు గానీ ఇది ఎందుకూ పనికిరాదు. పనికొచ్చే ప్రశ్న ఒకటుంది: ఇన్నేళ్ళూ చేయని మనిషి ఇప్పుడే ఎందుకు చేశాడు?

నేరం ఎక్కువగా పడుచువాళ్ళ పని. బెల్జియం గణాంక శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే 1831లోనే ఈ సంగతి లెక్కగట్టి చూపించాడు. నేరం చేసే స్వభావం పాతికేళ్ళ దరిదాపుల్లో బాగా ఎక్కువగా ఉండి, ఆ తర్వాత తగ్గుతూ పోతుందన్నాడు. అమెరికాలో నేర పరిశోధకులైన గ్లూక్ దంపతులు 1940 ప్రాంతంలో మసాచుసెట్స్ రాష్ట్ర సంస్కరణ పాఠశాలల నుంచి 500 మంది కుర్రాళ్ళ వివరాలు సేకరించారు. జాన్ లాబ్, రాబర్ట్ శాంప్సన్ అనే పరిశోధకులు తర్వాత వాళ్ళ జీవితాలను డెబ్బయ్యో ఏటి దాకా వెంబడించి చూశారు. పదిహేనేళ్ళకే అంత ముదిరిన కుర్రాళ్ళు కూడా దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు మానేశారు. అంటే వయసు దానంతటదే నేరాన్ని చల్లారుస్తుంది. అలాంటిది జీవితమంతా మచ్చ లేకుండా బతికిన మనిషి అరవై ఎనిమిదో ఏట మొదలుపెట్టాడంటే, కొత్తగా ఏదో జరిగింది. మెదడులోనో, మందుల డబ్బాలోనో, చేతిలో ఉన్న డబ్బులోనో, నిద్రలోనో, ఫోన్లోనో. అదేమిటో వెతకకుండా శిక్ష వేస్తే, అది అలాగే ఉండిపోతుంది.

ముందు ఒక గందరగోళం తీసేయాలి. జైల్లో ముసలివాళ్ళు పెరిగారంటే ముసలితనంలో నేరాలు పెరిగాయని అర్థం కాదు. అమెరికా రాష్ట్ర జైళ్ళలో 55 దాటినవాళ్ళు 1993లో 3 శాతం, 2013లో 10 శాతం. అందులో ఎక్కువ భాగం పొడవాటి శిక్షలు పడి లోపలే ముసలివాళ్ళైనవారు, కాస్త ముదిరిన వయసులో మళ్ళీ లోపలికి వచ్చినవారు. బ్రిటన్‌లోనైతే దశాబ్దాల కిందటి లైంగిక నేరాలకు ఇప్పుడు శిక్ష పడ్డవాళ్ళు చాలామంది. వాళ్ళు ముసలి ఖైదీలు, నేరం మాత్రం వయసులో ఉండగా చేసిందే. నేను మాట్లాడుతున్నది వాళ్ళ గురించి కాదు.

ఇప్పుడు దగ్గరగా చూద్దాం. నాలుగు సంచులు ఊహించుకోండి. నలుగురు పెద్దవాళ్ళు, ఒకటే దుకాణం, నలుగురూ డబ్బు కట్టకుండా బయటికి నడిచారు. కాగితం మీద నాలుగూ ఒకటే కేసు.

మొదటి సంచిలో తిండి ఉంది. చవక రకం, రెండు పూటలకు సరిపోయేంత. మనిషి దాన్ని చీర చెంగు కిందో, కోటు లోపలో దాచుకున్నాడు. ఆపగానే ముఖం పాలిపోయింది, చేతులు వణికాయి. పర్సులో చిల్లర తప్ప ఏమీ లేదు. ఇది ఆకలి. నెల చివర, పింఛను పడేముందు ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

రెండో సంచిలో సగం వస్తువులకు బిల్లు ఉంది, సగానికి లేదు. లేనివాటిలో ఒక చిన్న అలంకరణ సామానో, ఇంట్లో ఇప్పటికే నాలుగున్న సబ్బో ఉంటుంది. పర్సులో డబ్బు ఉంది, దాచిన తీరు తెలివిగానే ఉంది. ఇలాంటి మనిషి జీవితంలో ఈ మధ్య ఒక చావో, ఒక విడిపోవడమో ఉండే అవకాశం ఎక్కువ. రోజంతా మాట్లాడే మనిషి లేని ఇంట్లో, ఆ దుకాణానికి వెళ్ళిరావడమే రోజులో జరిగే ఒకే ఒక్క సంఘటన. దొరికినప్పుడు ఏడుస్తారు. ఆ ఏడుపులో భయంతో పాటు, ఎవరో ఒకరు కూర్చోబెట్టి తమతో మాట్లాడుతున్నారన్న ఊరట కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది. రాయడానికి కష్టంగా ఉన్నా అది నిజం.

మూడో మనిషి చేతిలో వస్తువు బాహాటంగా ఉంది. కౌంటరు ఏ పక్కనుందో గుర్తులేదు, ఎందుకొచ్చారో గుర్తులేదు. ఆపితే "అయ్యో, కట్టలేదా?" అని నిజంగా ఆశ్చర్యపోతారు, వెంటనే పర్సు తీస్తారు. ఇది మతిమరుపు. అల్జీమర్స్ ఎక్కువగా ఈ దారిలో పోతుంది.

నాలుగో సంచి అన్నిటికన్నా మోసపూరితం. ఈయన సెక్యూరిటీ మనిషి కళ్ళెదుటే వస్తువు తీసుకున్నాడు. దాచలేదు, పరిగెత్తలేదు. అక్కడే పొట్లం విప్పి తినడం మొదలుపెట్టి ఉండొచ్చు కూడా. "డబ్బు కట్టకుండా తీసుకోవడం తప్పు కదా?" అంటే "అవును, తప్పే" అంటాడు. దారి తెలుసు, తేదీ తెలుసు, మనవళ్ళ పేర్లన్నీ తెలుసు. సిగ్గు మాత్రం లేదు. మర్నాడు అదే దుకాణానికి వెళ్ళి అదే వస్తువు తీస్తాడు. చూసేవాళ్ళకు ఇంతకన్నా బరితెగించిన దొంగ కనిపించడు. నలుగురిలో ఎక్కువ జబ్బు మనిషి కూడా ఈయనే అయ్యే అవకాశం ఉంది.

ఆ జబ్బు పేరు ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియా. అందులో ప్రవర్తన మారే రకం. నుదుటి వెనకుండే మెదడు భాగం, చెవుల పక్కనుండే భాగం క్షీణించిపోతాయి. తరచుగా 45, 65 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మన కోరికలకు బ్రేకు వేసేది, ఎదుటివాడి బాధ మనకు తగిలేలా చేసేది ఆ భాగాలే. జ్ఞాపకశక్తి చాలాకాలం బాగానే ఉంటుంది. అందుకే పొరపాటు జరుగుతుంది. పెద్దవాళ్ళకు మామూలుగా పెట్టే 30 మార్కుల పరీక్షలో తేదీ, ఊరు, మూడు పదాలు గుర్తుపెట్టుకోవడం లాంటివి ఎక్కువగా ఉంటాయి. ఈ మనిషి అందులో 28 తెచ్చుకుని బయటికొస్తాడు, డాక్టరు "ఏమీ లేదు" అని రాసేస్తారు. ఆ కాగితమే తర్వాత కోర్టులో ఆయనకు ఎదురు తిరుగుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1999 నుంచి 2012 దాకా చూసిన 2,397 మంది రోగుల రికార్డులను తిరగేసి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. అల్జీమర్స్ రోగుల్లో నేర ప్రవర్తన ఉన్నవాళ్ళు 7.7 శాతం. ప్రవర్తన మారే ఫ్రాంటోటెంపొరల్ రకంలో 37 శాతం. ఇంకో అంకె నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది: ఈ రెండో రకంలో 14 శాతం మందికి జబ్బు మొదట బయటపడ్డదే నేరం రూపంలో. అంటే డాక్టరు కన్నా ముందు ఆ జబ్బును చూసింది పోలీసు. చూసినా ఆయనకు అది జబ్బని తెలియదు.

2011లో నిపుణులు ఒప్పుకున్న కొలమానం ప్రకారం ఆరు లక్షణాలు చూడాలి. అదుపు తప్పిన ప్రవర్తన, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఎదుటివారిమీద జాలి తగ్గిపోవడం, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, తిండి తీరు మారిపోవడం (ముఖ్యంగా తీపి మీద విపరీతమైన యావ), జ్ఞాపకశక్తి బాగానే ఉండి పనులను ప్లాన్ చేసుకునే శక్తి దెబ్బతినడం. ఆరింటిలో మూడుంటే అనుమానించాలి. వీటిలో చాలావరకు రోగి చెప్పేవి కావు, ఇంట్లోవాళ్ళు చెప్పాల్సినవి. రోగిని అడిగితే "నాకేం? నిక్షేపంగా ఉన్నాను" అంటాడు, మనస్ఫూర్తిగా. అందుకే భార్యనో కొడుకునో విడిగా కూర్చోబెట్టి అరగంట మాట్లాడని పరీక్ష పరీక్షే కాదని నా అభిప్రాయం. ఎమ్మారై తీయాలి. తొలిదశలో అది మామూలుగా ఉన్నా కొట్టిపారేయకూడదు, మెదడు గ్లూకోజు వాడకాన్ని చూపే పెట్ స్కాన్‌లో ముందుభాగం మందగించడం కనిపించవచ్చు.

చట్టం ఇక్కడ తడబడుతుంది. మతి లేని స్థితికి ప్రపంచంలో చాలా చోట్ల వాడే కొలబద్ద 1843లో ఇంగ్లండులో పుట్టిన మెక్‌నాటన్ సూత్రం. తాను చేస్తున్నదేమిటో, అది తప్పని తెలుసా లేదా అన్నదే అందులో ప్రశ్న. మన నాలుగో మనిషికి తెలుసు. అడిగితే చెబుతాడు. తెలిసినా ఆగలేడు. ఎర్ర దీపం కనిపిస్తూనే ఉంది, కారుకు బ్రేకు లేదు. తెలిసిందా అని మాత్రమే అడిగే చట్టం ఆయన్ను ఆరోగ్యవంతుడి కింద లెక్కేస్తుంది. నూట ఎనభై ఏళ్ళ కిందటి ఆ ప్రశ్న ఈ జబ్బుకు సరిపోదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మందుల సంగతి చాలామందికి తెలియదు. పార్కిన్సన్స్‌కు వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులు వణుకునూ బిగుసుకుపోవడాన్నీ తగ్గిస్తాయి. కొందరిలో అవే జూదం, విపరీతమైన కొనుగోళ్ళు, లైంగిక యావ రేపుతాయి. 2010లో ప్రచురించిన 3,090 మంది రోగుల అధ్యయనంలో ఈ రకం మందులు వాడేవాళ్ళలో 17.1 శాతం మందికి, వాడనివాళ్ళలో 6.9 శాతం మందికి ఇలాంటి అదుపులేని ప్రవర్తన కనిపించింది. సంఘం సొమ్ము లెక్కలు చూసే పెద్దమనిషి, నలభై ఏళ్ళ నమ్మకం ఉన్నవాడు, ఉన్నట్టుండి ఆ సొమ్ము జూదంలో పెట్టాడంటే మొదట చూడాల్సింది మందుల చీటీ. మందు ఎప్పుడు మొదలైంది, డోసు ఎప్పుడు పెరిగింది, మొదటి దొంగ లెక్క ఏ నెలది? మూడు తేదీలు పక్కపక్కన రాస్తే చాలాసార్లు కథంతా అక్కడే తెలుస్తుంది. అయితే కంగారుపడి ఇంట్లోవాళ్ళే మందు ఆపేయకూడదు. ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, కుంగుబాటు వస్తాయి. డాక్టరు మెల్లగా తగ్గించాలి.

ఇంకా సులువుగా తప్పిపోయేది డెలీరియం, అంటే ఒంట్లో ఏదో తేడా వల్ల ఉన్నట్టుండి మతి చెదరడం. నిన్నటిదాకా శాంతంగా ఉన్న ఎనభై ఏళ్ళ మనిషి ఇవాళ సాయంత్రం నర్సును కర్రతో కొట్టాడు. గంటల్లో, రోజుల్లో వచ్చిన మార్పు అంటే ముందు ఒంట్లో వెతకాలి: మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, మలబద్ధకం, కొత్తగా ఇచ్చిన నిద్రమాత్ర, జలుబుకు వాడిన పాతతరం అలర్జీ మందు. మద్యం కూడా అంతే. వయసుతో ఒంట్లో నీటిశాతం తగ్గుతుంది కాబట్టి నలభయ్యో ఏట తాగినంతే తాగినా రక్తంలో మోతాదు పెరుగుతుంది. దానికి నిద్రమాత్ర తోడైతే ఏం చేశారో మర్నాడు గుర్తుండదు.

డబ్బు లేమి, ఒంటరితనం కలిస్తే ఎక్కడిదాకా పోతుందో జపాన్ చూపించింది. 1990ల చివర్లో అక్కడ నేరాలకు పట్టుబడ్డ ప్రతి 20 మందిలో ఒకరు 65 దాటినవారు. 2018 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు. జనాభా ముసలిదవడం ఒక్కటే దీనికి కారణం కాదు, ముసలివాళ్ళ సంఖ్య కన్నా ఈ అంకె చాలా వేగంగా పెరిగింది. పట్టుబడ్డ వృద్ధ మహిళల్లో పదిలో తొమ్మిది కేసులు దొంగతనాలే, అందులోనూ దుకాణాల్లో చేసే చిల్లర దొంగతనాలే ఎక్కువ. జైల్లో మూడుపూటలా తిండి ఉంది, డాక్టరు ఉన్నాడు, పక్కన మనిషి ఉన్నాడు. బయట ఈ మూడూ లేవు.

2006 జనవరి 7న షిమొనొసెకి రైల్వేస్టేషన్‌ను 74 ఏళ్ళ మనిషి తగలబెట్టాడు. అప్పటికి జైలు నుంచి విడుదలై ఎనిమిది రోజులైంది. జీవితంలో నలభై ఏళ్ళకు పైగా జైళ్ళలోనే గడిపినవాడు. సాయం కోసం ప్రభుత్వ కార్యాలయానికి వెళితే దొరకలేదు. తిరిగి జైలుకు పోవాలనే నిప్పు పెట్టానన్నాడు. నేను ముందే చెప్పిన "తొలి నేరం" కోవలోకి ఈయన రాడు, తెలుసు. అయినా చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇక్కడ "ఇప్పుడే ఎందుకు" అన్న ప్రశ్నకు జవాబు ఆ ఎనిమిది రోజుల్లోనే ఉంది. పడుకోవడానికి చోటు, చేతిలో కాస్త డబ్బు, ఫలానా కార్యాలయంలో ఫలానా కిటికీ దగ్గర నీ కాగితం సిద్ధంగా ఉందని చెప్పే ఒక మనిషి: ఈ మూడూ గేటు దాటకముందే ఏర్పాటు కావాలి. జపాన్ ఆ పాఠం నేర్చుకుంది. విడుదలయ్యే ముసలివాళ్ళకు, వికలాంగులకు లోపల ఉండగానే ఇల్లు, సాయం కుదిర్చే కేంద్రాలను 2009 నుంచి అన్ని ప్రాంతాల్లో పెట్టుకుంటూ వచ్చింది.

అన్నిటికన్నా బరువైనది ఇంటి లోపల జరిగేది. మంచాన పడ్డ భార్యను ఏళ్ళ తరబడి సాకిన భర్త, ఒక రాత్రి ఆమెను చంపి తానూ చావబోతాడు. చుట్టుపక్కలవాళ్ళు "అంత బాగా చూసుకునేవాడే" అంటారు. అది నిజం, ప్రమాదం కూడా అక్కడే ఉంది. రాత్రికి నాలుగైదుసార్లు లేవడం, పక్కబట్టలు మార్చడం, ఒత్తిడి పుళ్ళు రాకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. ఇలా నెలలు గడిస్తే ఎంత ప్రేమున్న మనిషికైనా ఆలోచన ఇరుకైపోతుంది. ఎక్కువగా ఇలా చేసేది మగవాళ్ళే. బాధను బయటికి చెప్పరు, కుంగుబాటుకు మందు తీసుకోరు, పరాయి మనిషిని ఇంట్లోకి రానివ్వరు. దీన్ని "ప్రేమతో చేసిన హత్య" అని రాయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ మాట వాడగానే ఆమె ఒప్పుకుందా అన్న ప్రశ్న మాయమైపోతుంది. చాలాసార్లు ఆమెను ఎవరూ అడగలేదు.

ముందస్తు గుర్తులు ఉంటాయి. "మేమిద్దరం పోతే మీకు పీడ విరగడవుతుంది" అన్న మాట. వచ్చే పనిమనిషిని మానిపించడం. ఉన్నట్టుండి కాగితాలు సర్దడం. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన మొదటి వారాలు, వేరే చోట చేర్పించాలన్న మాట వచ్చిన రోజులు మరీ అపాయకరం. అప్పుడు సలహాలు పనిచేయవు. వారంలో రెండు రాత్రులు ఇంకొకరు ఆ మంచం పక్కన కూర్చుని ఆయన్ను వేరే గదిలో నిద్రపోనివ్వాలి. ఇంట్లో ఆయుధం, మందుల నిల్వ ఉంటే అక్కణ్ణుంచి తీసేయాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా, ఆమెను కూడా తీసుకుపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనన్న భయం వద్దు. అవునన్నా, జవాబు దాటవేసినా ఇద్దరినీ ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

దీనికి పక్కనే ఉండేది అనుమానపు భ్రమ. డెబ్బై అయిదేళ్ళ భార్య ఎవరితోనో సంబంధం పెట్టుకుందని నమ్మే మనిషిని చూసి ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వకండి. డిమెన్షియాలో, ముఖ్యంగా లూయీ బాడీ రకంలో ఇది పుడుతుంది, దాడి దాకా పోతుంది. వాదించి గెలవలేరు. ఆమెను వేరుగా ఉంచి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి.

ఫోన్ నుంచి వచ్చే నేరం ఇంకో రకం. పాల్ ఫ్రాంప్టన్ పేరున్న భౌతిక శాస్త్రవేత్త. 2012 జనవరిలో, 68వ ఏట, బ్యూనస్ ఎయిరిస్ విమానాశ్రయంలో రెండు కిలోల కొకైన్ దాచిన సూట్‌కేసుతో దొరికాడు. ఇంటర్నెట్‌లో మోడల్‌నంటూ పరిచయమైన ఒకామె తనను పెళ్ళాడబోతోందని నమ్మాడు. ఆమెను కలవడానికి బొలీవియా వెళితే ఆమె రాలేదు, సూట్‌కేసు మాత్రం వచ్చింది. తనకేమీ తెలియదన్నాడు, కానీ అతని ఫోన్ సందేశాలే కోర్టులో అతనికి ఎదురు తిరిగాయి. నాలుగేళ్ళ ఎనిమిది నెలల శిక్ష పడింది. తెలివికీ ఈ వలకూ సంబంధం లేదని చెప్పడానికే ఈయన పేరెత్తాను. నెలల తరబడి మాటలు, ఆపైన వాళ్ళే కొనిచ్చే టికెట్టు, మూడో దేశంలో మజిలీ, అప్పుడు "ఈ పెట్టె నా కోసం తీసుకురా". ముసలివాళ్ళను ఎంచుకునేది, విమానాశ్రయంలో వాళ్ళను అనుమానించేవాళ్ళు తక్కువ కాబట్టి. మీ ఇంట్లో పెద్దవారు ఎప్పుడూ చూడని మనిషి కోసం, ఆ మనిషి కొన్న టికెట్టు మీద ప్రయాణం పెట్టుకుంటే, పాస్‌పోర్టు దాచేసి గొడవపడటం నేరం కన్నా నయం.

జీవితాంతం దొంగలుగా ఉండి, ముసలితనంలోనూ మానని కొద్దిమంది ఉన్నారు. లండన్‌లోని హాటన్ గార్డెన్ ఖజానాను 2015 ఈస్టర్ సెలవుల్లో కొల్లగొట్టిన ముఠాలో పెద్దాయనకు 76 ఏళ్ళు. అర మీటరు మందం కాంక్రీటు గోడకు వజ్రపు డ్రిల్లుతో ఒకదానిమీద ఒకటి పడేలా మూడు రంధ్రాలు వేశారు. అవతల బీరువా కదలక, దాన్ని నెట్టే పంపు చెడిపోయి వెనక్కి వెళ్ళారు, కొత్త పంపు కొని మళ్ళీ వచ్చి 73 పెట్టెలు తెరిచారు. చేతిపనిలో వయసు కనబడలేదు. కానీ ముఠాలో ఒకరు వాడిన సొంత కారు కెమెరాలకు దొరికింది, పోలీసులు కార్లలో పెట్టిన మైకులు వాళ్ళ గొప్పలన్నీ విన్నాయి. వీళ్ళకు డాక్టరు అక్కర్లేదు, కోర్టు చాలు. జబ్బు మనిషినీ వీళ్ళనూ ఒకే గాటన కట్టడమే నా అభ్యంతరం.

కాబట్టి మీ ఇంట్లో ఇది జరిగితే, మొదటి రోజు చేయాల్సినవి చెబుతాను. విచారణలో పెద్దవారి పక్కన ఒకరు ఉండాలి, లాయరైతే మేలు. వినికిడి యంత్రం, కళ్ళజోడు వెంట తీసుకెళ్ళండి. చెవులు సరిగా వినబడనివాళ్ళు మర్యాదకు తలూపుతారు, ఆ తలూపడం ఒప్పుకోలుగా కాగితం మీదికి ఎక్కుతుంది. చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టనివ్వకండి. దుకాణంవాళ్ళు "డబ్బు కట్టేయండి, వదిలేద్దాం" అంటే ఊరటగానే ఉంటుంది, కట్టండి, కానీ విషయం అక్కడితో ముగిసిందనుకోకండి. పరువు కోసం నాలుగుసార్లు కప్పిపుచ్చి, అయిదోసారి డాక్టరు దగ్గరికొచ్చే కుటుంబాలు చాలా ఎక్కువ. ఆ నాలుగుసార్లకూ తేదీలు ఎవరికీ గుర్తుండవు.

ఒక కాగితం మీద గత పన్నెండు నెలలు వెనక నుంచి రాసుకురండి: కొత్త మందులు, డోసులు, పడిపోవడాలు, చావులు, ఇల్లు మారడాలు, బ్యాంకు నుంచి తీసిన పెద్ద మొత్తాలు, తీపి మీద పుట్టిన కొత్త యావ, మానేసిన పాత అలవాట్లు. ఆ కాగితం డాక్టరుకు ఒకటి, లాయరుకు ఒకటి. అన్నిటికన్నా ముందు, అదే రోజు, సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని దుకాణానికి రాతపూర్వకంగా అడగండి. చాలాచోట్ల కొన్ని వారాల్లోనే పాతదాని మీద కొత్తది రికార్డయిపోతుంది. ఆయన చేతులు వస్తువును దాచాయా, లేక అందరి ముందూ పట్టుకుని నడిచాయా అన్నది ఆ దృశ్యాల్లో తప్ప ఇంకెక్కడా ఉండదు.